పెట్టెను తిరగేసి చూశాకే మాట్లాడు

చిరంజీవి చిన్నాకు,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ అమ్మ ఫోను చేసి సంగతంతా చెప్పింది. దాచుకున్న డబ్బుతో అమెరికా కంపెనీ లయనెల్ చేసిన పాత బొమ్మ రైళ్లు కొంటావట. అందులోనూ కర్మాగారంలోనే తేడాగా తయారైన అరుదైన రకాలే కావాలట. పెన్సిల్వేనియాలో జరిగే యార్క్ బొమ్మ రైళ్ల మేళాకు వెళ్లే ఏర్పాట్లు కూడా అయిపోయాయట. మీ అమ్మ కంగారుపడుతూ చెప్పింది. నాకేమో పట్టలేనంత సంతోషం. మన ఇంట్లో నా తర్వాత ఈ రైళ్లను చేత్తో ముట్టుకునేవాళ్లు ఉండరనే అనుకున్నాను.

సంతోషం కాస్త సద్దుమణిగాక భయం పట్టుకుంది. నీ చేతుల సంగతి నాకు తెలుసు. ఏ వస్తువు దొరికినా విప్పి, తుడిచి, బాగుచేస్తే గాని నీకు నిద్ర పట్టదు. మిగతా చోట్ల అది మంచి గుణమే. ఈ పనిలో మాత్రం దానికి కళ్లెం వేయాలి.

తేలిక మాటలు ముందు చెప్పేస్తాను. ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్‌లో చేరు. 1954 నుంచి ఉన్న సంఘం అది, పెన్సిల్వేనియాలోని స్ట్రాస్‌బర్గ్‌లో దానికి మ్యూజియం కూడా ఉంది. ఏది కొన్నా రసీదు తీసుకో. అట్టపెట్టె చిరిగిపోయినా పారేయకు. అప్పు చేసి మాత్రం కొనవద్దు. ఈ ఒక్కదాంట్లో నేను మీ అమ్మ పక్షమే.

అన్నీ ఒకేసారి సేకరించాలని చూడకు. నన్నడిగితే 1953లో మొదలైన 6464 వరుస గూడ్స్ పెట్టెలతో కళ్లకు పని నేర్పు. ఒకే అచ్చులో ఎన్ని మార్పులు జరిగాయో వాటిలో కనిపించినంత బాగా మరెక్కడా కనిపించదు. పక్క గోడల మీది రివెట్ల వరుసలు ఎక్కడ తెగాయో చూసి, అచ్చు ఏ దశలో ఉండగా పోసిన పెట్టెనో చెప్పవచ్చు. తలుపు జరిపి లోపల చూస్తే పైరంగు కింద ప్లాస్టిక్ అసలు రంగు తెలుస్తుంది. బయట ఒకే రంగులో ఉన్న రెండు పెట్టెలు లోపల వేరువేరుగా ఉండటం మామూలే. వెస్టర్న్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీ పేరు వేసిన పెట్టెనే తీసుకో. 6464-100 అన్న ఒకే నంబరుతో, వెండి రంగు మీద పసుపు ఈకతో ఒకటి ఉంది, నారింజ రంగు మీద నీలం ఈకతో మరొకటి ఉంది. అందరూ వెతికేది రెండోదాని కోసం.

ఈ తేడాలు ఎందుకు వచ్చాయో అర్థమైతే సగం విద్య వచ్చినట్టే. న్యూజెర్సీలోని లయనెల్ కర్మాగారం సేకరించేవాళ్ల కోసం పనిచేయలేదు. పిల్లల కోసం, అదీ క్రిస్మస్‌లోగా దుకాణాలకు చేరేలా సరుకు తయారుచేసింది. కొత్త భాగం వచ్చిందని పాత భాగాలను పారేయలేదు, డబ్బాలో ఉన్నంతవరకు వాడింది. పెట్టె అడుగున రెండు కొసలా చక్రాలను పట్టుకునే చట్రాలు ఉంటాయి కదా, 1957లో అవి ప్లాస్టిక్‌వి వచ్చాయి. అంతమాత్రాన లోహపు చట్రాలు ఆగిపోలేదు, రెండూ పక్కపక్కనే నడిచాయి. కేటలాగులో గీసిన బొమ్మకూ అట్టపెట్టెలో వచ్చిన బండికీ పొంతన లేని సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి సేకరించేవాళ్లు చూసుకునే రకాల పుస్తకంలో లేనంత మాత్రాన అది అబద్ధం అనుకోకు.

ఇక అసలు సంగతికి వస్తాను. నాకు ఈ విద్యలో తోడుగా ఉన్న ఒక స్నేహితుడు ఉండేవాడు. మొదటి యజమాని కుటుంబం నుంచి ఆయన ఒక గూడ్స్ పెట్టె కొన్నాడు. అట్టపెట్టెతో సహా, పెద్దగా ఆడుకోని సరుకు. తిరగేసి చూస్తే ఒక కొసన లోహపు చట్రం, రెండో కొసన ప్లాస్టిక్ చట్రం. పుస్తకంలో రెండు కొసలా లోహమే అని ఉంది. ఎవరో పిల్లవాడు విరగ్గొట్టి ఉంటాడు, ఇంట్లో పెద్దలు చేతికి దొరికింది బిగించి ఉంటారు అని ఆయన తేల్చేశాడు. ఆ సాయంత్రమే ప్లాస్టిక్ చట్రం ఊడదీసి, తన విడిభాగాల డబ్బాలోంచి లోహపుది తీసి బిగించాడు. బిగింపు చుట్టూ ఏళ్లుగా పేరుకున్న సన్నటి మురికి వలయాన్ని శుభ్రంగా తుడిచాడు. పాత చట్రాన్ని అదే డబ్బాలో పడేశాడు. ఎంత శ్రద్ధగా చేశాడో! పుస్తకంలో ఉన్నట్టే అయిందని మురిసిపోతూ నాకు చూపించాడు.

కొన్నేళ్ల తర్వాత ఒక మేళాలో అలాంటి పెట్టే ఆయన కంటబడింది. ఒక కొస లోహం, ఒక కొస ప్లాస్టిక్, అదీ అదే కొసన. అమ్మేవాళ్లు ఆ రోజుల్లో దాన్ని దుకాణంలో కొన్న ఇంటివాళ్లే. మరికొన్నాళ్లకు ఇంకో ఊళ్లో, వీళ్లతో ఏ సంబంధమూ లేని ఇంకో కుటుంబం దగ్గర మూడోది బయటపడింది. ఒకరినొకరు ఎరుగని మూడు ఇళ్లలో పిల్లలు అదే చట్రాన్ని, అదే కొసన విరగ్గొట్టి ఉంటారా? ఆయన ఇంటికి వెళ్లి డబ్బా అంతా బల్ల మీద కుమ్మరించాడు. అలాంటి ప్లాస్టిక్ చట్రాలు అందులో గుప్పెళ్లకొద్దీ ఉన్నాయి. తన పెట్టెది ఏదో చెప్పలేకపోయాడు. చెప్పగలిగినా ఏం లాభం? బిగింపు మీద కొత్త గీతలు పడ్డాయి, మురికి వలయం పోయింది. ఇప్పుడు దాన్ని మళ్లీ బిగిస్తే ఆయనే కల్పించిన సరుకు అవుతుంది.

డబ్బు పోయిందని ఆయన ఏనాడూ బాధపడలేదు చిన్నా. ఆ పెట్టె ఏదో చెప్పబోతుంటే నోరు నొక్కానని బాధపడేవాడు. మంచి మనిషి, జాగ్రత్త తెలిసిన మనిషి. నీలో ఆయన పోలికలు చాలా ఉన్నాయి. అందుకే ఇంత విడమరిచి రాస్తున్నాను. ముందు ఫోటో తీయి. అడుగు భాగం, బిగింపులు, లోపలి గోడలు, అట్టపెట్టె కొసల మీది అంకెలు, అన్నీ తీయి. ఎవరి ఇంటి నుంచి వచ్చిందో అడిగి రాసిపెట్టుకో. ఆ తర్వాత కూడా స్క్రూడ్రైవర్ తీయకు. రంగు చోట గుడ్డ పెట్టకు, తడిగుడ్డ అసలే వద్దు.

అలాగని దీన్ని తలకిందులుగా అర్థం చేసుకునేవు! జత కలవని చట్రాలు కనిపించిన ప్రతి పెట్టే అరుదైనదని ఎవరైనా అంటే నమ్మకు. చట్రం మార్చడానికి నిమిషాలు చాలు. సంబంధం లేని చోట్ల నుంచి అదే తేడా మళ్లీ మళ్లీ వచ్చినప్పుడే కర్మాగారం మాట ఎత్తాలి.

రంగు విషయంలో ఇంకా గట్టిగా ఉండు. ఎండ తగిలినా రసాయనం తగిలినా రంగు మారుతుంది. అలా మార్చినదాన్ని అపురూపమైన రకమని అమ్మేవాళ్లున్నారు. తలుపు కింద దాగిన చోటు, చట్రం కప్పేసిన చోటు చూడు. అక్కడి రంగు బయటి రంగుతో కలవకపోతే లేచి వచ్చెయ్యి. అక్షరాలు ముద్రించకుండా వదిలేశారని చెబితే ఏటవాలుగా లైటు వేసి చూడు. వేడి అచ్చుతో కొట్టిన అక్షరం ప్లాస్టిక్‌లో సన్నటి గుంట వదులుతుంది. సిరా చెరిపినా గుంట చెరగదు. కొత్తగా వేసిన రంగు అతినీలలోహిత దీపం కింద చాలాసార్లు వేరుగా మెరుస్తుంది. ఆ దీపం ఒకటి జేబులో ఉంచుకో.

మిల్వాకీ రోడ్ అనే రైల్వే పేరుతో వచ్చిన 2338 నంబరు డీజిల్ ఇంజను నిన్ను ఊరించకుండా ఉండదు. తొలి విడతలో నారింజ పట్టీ డ్రైవరు గది మీదుగా కూడా సాగుతుంది. తర్వాతి వాటిలో ఆ గది అంతా నలుపే. పట్టీ గది మీదుగా సాగినది కనిపిస్తే, ఎవరైనా నలుపు గీకేశారేమో అని మూలల్లో, కిటికీ అంచుల్లో నల్లరంగు ఆనవాళ్లు మిగిలాయేమో భూతద్దంతో వెతుకు.

1957లో వచ్చిన ఆడపిల్లల రైలు గురించి మాత్రం నా మాట విను. గులాబీ ఇంజను, లేత రంగుల పెట్టెలు. అప్పట్లో కొనేవాళ్లు లేరు, ఇప్పుడు దాని కోసం పోటీ. రైలు ఇష్టపడే ఆడపిల్లలకు నిజమైన రైలులాంటి నల్ల ఇంజనే కావాలి. ఆ సంగతి నన్ను అడిగినా చెప్పేదాన్ని! దానికి నకళ్లు ఉన్నాయి, లయనెల్ పేరుతోనే తర్వాత మళ్లీ తయారైనవీ ఉన్నాయి. మొదటి ఏడాది దాని జోలికి వెళ్లకు.

రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి ఇంజన్లు కొనేటప్పుడు చక్రాలు చూడు. జింకు మిశ్రమంలో సీసం కలిసిపోతే లోహం లోలోపలే ఉబ్బి, బీటలు వారి, చివరికి పొడి అవుతుంది. లయనెల్‌కే కాదు, హార్న్‌బీ, మార్క్‌లిన్ కంపెనీల బండ్లకూ ఈ జబ్బు ఉంది. దానికి మందు లేదు. వెంట్రుకంత బీట కనిపించినా వదిలెయ్యి. ఒకటి నుంచి పది వరకు ఇచ్చే గ్రేడు అంకెను చూసి మోసపోకు, అది వస్తువు స్థితి చెబుతుంది గాని అసలుదో కాదో చెప్పదు.

చివరగా నా ప్రాణం కొట్టుకునేది ట్రాన్స్‌ఫార్మర్ గురించి. లయనెల్ పాత జెడ్‌డబ్ల్యూ రకం పెద్దది. ఎంతో ముచ్చటగా ఉంటుంది, కానీ తీగ మీది రబ్బరు ఎండి పెళుసైపోయి ఉంటుంది. వంచితే పొడిపొడిగా రాలుతుంది. అలాంటిదాన్ని ప్లగ్గులో పెట్టావని తెలిస్తే నేనే వచ్చి పీకేస్తాను. పని తెలిసినవాళ్లచేత తీగ మార్పించు. ఇంతసేపూ ఏదీ మార్చవద్దని చెప్పినదాన్నే, ఇది మాత్రం మార్చమంటున్నాను. రైలు తిరుగుతుండగా గదిలోంచి కదలకు, పడుకునే ముందు ప్లగ్గు తీసెయ్యి.

యార్క్‌లో ఏదైనా మనసు లాగితే, డబ్బు ఇచ్చేముందు అడుగు భాగం ఫోటో నాకు పంపు. ఎంత రాత్రయినా ఫోను ఎత్తుతాను. అమ్మేవాడు తొందరపెడితే మా పెద్దమ్మను అడగాలని చెప్పు.

ప్రేమతో,
మీ పెద్దమ్మ