సేవ్ స్టేట్ తెరుచుకోకపోయినా ఆట పోలేదు

ప్రశ్న: మా అన్నయ్య ప్లేస్టేషన్ 2 డిస్కుల్ని కంప్యూటర్‌లో పీసీఎస్‌ఎక్స్2 ఎమ్యులేటర్ (కంప్యూటర్‌ను ప్లేస్టేషన్ 2లా పనిచేయించే ప్రోగ్రామ్) మీద ఆడుతున్నాను. ఈమధ్య దాని 1.6 వెర్షన్ తీసేసి 2.0 వేశాను. పాత సేవ్ స్టేట్‌లు ఒక్కటీ తెరుచుకోవట్లేదు. సెలవులంతా ఆడింది పోయినట్టేనా? సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఒక షాపతను 500 ఇస్తే ‘ఫుల్ వెర్షన్’ వేస్తానంటున్నాడు. వేయించుకోనా?
— ఇంటర్ విద్యార్థి, మలక్‌పేట

జవాబు: వద్దు, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. పీసీఎస్‌ఎక్స్2 ఓపెన్ సోర్స్, మొత్తం ఉచితమే. ‘ఫుల్’ అని వేరే వెర్షన్ లేదు. ఎందరో ఏళ్ల తరబడి తీరిక వేళల్లో రాసి అందరికీ పంచిపెట్టిన పని అది. దాన్ని చదువుకునే పిల్లలకు అమ్మడం చూస్తే నాకు కోపమొస్తుంది.

ఇక మీ ఆట సంగతి. సేవ్ స్టేట్ అంటే ఆ క్షణాన కన్సోల్ మెమరీలో ఉన్న 32 ఎంబీతో పాటు ఎమ్యులేటర్ లోపలి స్థితిని కూడా ఉన్నదున్నట్టు దాచుకోవడం. 1.6లో గ్రాఫిక్స్, సౌండ్ విడివిడి ప్లగిన్లు (విడిగా తగిలించే భాగాలు). 2024 జూలైలో వచ్చిన 2.0లో అవన్నీ ఎమ్యులేటర్‌లోనే కలిసిపోయాయి. లోపలి అమరికే మారిపోయాక పాత స్టేట్‌ను కొత్తది చదవలేదు. మెమరీ కార్డు అలా కాదు. అందులో ఉన్నది ఆట తన పద్ధతిలో తాను రాసుకున్న సేవ్. ఎమ్యులేటర్ ఎంత మారినా అది చెక్కుచెదరదు.

కాబట్టి 1.6ను మళ్లీ దించుకుని వేరే ఫోల్డర్‌లో పెట్టండి. డాక్యుమెంట్స్‌లోని పీసీఎస్‌ఎక్స్2 ఫోల్డర్లో ‘ఎస్‌స్టేట్స్’ ఉందేమో చూడండి. మీ పాత స్టేట్‌లు మామూలుగా అక్కడే ఉంటాయి, ముందు వాటికో కాపీ తీసి పెట్టుకోండి. 1.6లో స్టేట్ లోడ్ చేసి, ఆటలోని సేవ్ పాయింట్ దాకా వెళ్లి మెమరీ కార్డు మీద సేవ్ చేయండి. సేవ్ పాయింట్ దూరంగా ఉంటే ఓపికగా ఆడాల్సిందే, దానికి దగ్గరి దారి లేదు. తర్వాత ‘మెమ్‌కార్డ్స్’ ఫోల్డర్‌లోని ‘.పీఎస్2’ ఫైలును 2.0 ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. అక్కడ అదే పేరుతో కార్డు ఉంటే దాని మీద పడకుండా పేరు మార్చి, సెట్టింగుల్లో ఎంచుకోండి.

ఇకపై అప్‌డేట్ చేసే ప్రతిసారీ ముందు ఆటలోనే సేవ్ చేసి, ‘మెమ్‌కార్డ్స్’ను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఎమ్యులేటర్ నడవడానికి కావాల్సిన బయోస్ ఫైలు (కన్సోల్ సొంత మూల ప్రోగ్రామ్) మాత్రం షాపులో తీసుకోవద్దు. అన్నయ్య కన్సోల్ నుంచి తీసుకున్నదే వాడండి.