షోనా శిల్పానికి అంత వయసేం లేదండీ

జింబాబ్వేలోని షోనా జాతి పేరుతో పిలిచే రాతిశిల్పాలు వందల ఏళ్ళ కులవృత్తా, ఎవరు మొదలుపెట్టారు అని అడిగారు. ఉద్యోగం కోసం ఆ దేశ రాజధాని హరారేలో మూడేళ్ళున్నాను. మొదట్లో నేనూ అలాగే అనుకున్నా. గ్రేట్ జింబాబ్వే అనే పాత రాతినగరం శిథిలాల్లో దొరికిన రాతిపక్షులు పాతవే, కానీ వాటికీ వీటికీ మధ్య శతాబ్దాల ఖాళీ.

ఇప్పటి కళ 1950ల చివర్లో పుట్టింది. అప్పట్లో హరారే పేరు సాలిస్‌బరీ. 1957లో అక్కడ నేషనల్ గ్యాలరీ తెరిచారు. పారిస్‌లో పెద్ద చిత్రకారుల మధ్య తిరిగొచ్చిన ఫ్రాంక్ మెక్‌ఈవెన్ దానికి మొదటి డైరెక్టర్. 1971లో ఈ శిల్పాలను పారిస్‌లోని రోదాన్ మ్యూజియం దాకా తీసుకెళ్ళాడు. పేరంతా ఆయనకే వచ్చింది. నన్నడిగితే ముందు చెప్పాల్సింది జోరామ్ మరిగా పేరు. న్యాంగా వైపు వ్యవసాయశాఖలో పనిచేస్తూ మెత్తరాయి చెక్కేవాడు, మేనల్లుడు జాన్ తకావిరా లాంటివాళ్ళకు నేర్పాడు.

రెండో కేంద్రం 'గురువే' అనే ఊరి దగ్గరున్న తెంగెనెంగె. 1965 తర్వాత దేశం మీద పడ్డ అంతర్జాతీయ ఆంక్షలతో పొగాకు అమ్ముడుపోక, టామ్ బ్లోమ్‌ఫీల్డ్ అనే రైతు 1966లో తన పొలంలోని రాయిని కూలీలకిచ్చి చెక్కమన్నాడు. వాళ్ళలో మలావీ, అంగోలా, మొజాంబిక్ నుంచి వచ్చినవాళ్ళు బోలెడుమంది. అందరికీ కలిపి 'షోనా' ముద్ర! మెక్‌ఈవెన్‌కీ బ్లోమ్‌ఫీల్డ్‌కీ పడేది కాదు.

తెంగెనెంగె వెళ్ళినప్పుడు, మన ఆళ్ళగడ్డ శిల్పుల్లా కొలతలు గీసుకుంటారేమో అని చూశాను. నేను చూసినాయన రాయి మీద ఒక్క గీతా గీయలేదు. వాటర్ పేపర్‌తో రుద్దిన తల చుట్టూ కట్టెలు పేర్చి మంట పెట్టాడు. రాయి బాగా వేడెక్కాక మైనం పూస్తుంటే, బూడిదరంగు కాస్తా మన కళ్ళముందే నేరేడుపండులా నిగనిగలాడింది. వెనకవైపు తుప్పురంగు పెచ్చు మాత్రం అలాగే వదిలేశాడు. పని మిగిలిపోయింది కదా, ధర కొంచెం తగ్గించమన్నాను. పక్కనున్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. అది రాతి తోలట, కావాలనే ఉంచుతారట.

ఆ తల కొని ఇండియాకి పంపిస్తే పార్శిల్‌లో చెవి అంచు కాస్త విరిగింది. విరిగినచోట మళ్ళీ అదే బూడిదరంగు. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి మైనం రాశా. ముప్పాతిక వంతు కలిసిపోయింది. మీరు కొంటే మాత్రం చేతిసామానులో పట్టేదే కొనుక్కోండి.