బరువెత్తే పని నేర్పబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

టెక్కలి దగ్గర నువ్వు పనిచేస్తున్న గ్రానైటు పాలిషింగు యూనిట్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లకు క్రేను, స్లింగుల (బరువును క్రేను హుక్కుకు తగిలించే తాళ్లు, బెల్టుల) పని నేర్పే బాధ్యత నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం కలిగింది, దానితోపాటు కొంచెం భయమూ కలిగింది. ముప్పై ఏళ్లకు పైగా బరువులు కట్టి ఎత్తే ఖలాసీగా, ఆ తర్వాత ఆ పని చేయించే రిగ్గింగు ఫోర్‌మన్‌గా పనిచేసినవాణ్ణి కనుక నువ్వు అడగకపోయినా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చాలాచోట్ల ఈ శిక్షణను ఒక గదిలో కూర్చోబెట్టి, గంటసేపు బొమ్మలు చూపించి, రిజిస్టరులో సంతకాలు పెట్టించి ముగిస్తారు. నువ్వు అలా చేయవద్దు. నీ శిక్షణ పూర్తయిందనడానికి గుర్తు ఒక్కటే: నెల కిందట చేరిన కుర్రాడు ఒక స్లింగును చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, “ఇది పనికిరాదండీ” అని పక్కన పెట్టగలగాలి. అలా పెట్టినందుకు అతణ్ణి ఎవరూ కసురుకోకూడదు.

మొదటిరోజు వాళ్లను యార్డులోకి తీసుకువెళ్లి, టేపు చేతికిచ్చి, బ్లాకు బరువు లెక్క కట్టించు. గ్రానైటు ఘనమీటరుకు సుమారు 2.7 టన్నులు తూగుతుంది. పొడవు 2.4 మీటర్లు, వెడల్పు 1.5, ఎత్తు 1.2 ఉన్న బ్లాకు కంటికి పెద్దదేమీ కాదనిపిస్తుంది గాని, లెక్క వేస్తే 11.6 టన్నులు దాటుతుంది. దాన్ని 10 టన్నుల క్రేనుకు తగిలిస్తే ఏమవుతుందో నువ్వు చెప్పనక్కరలేదు, వాళ్లే చెబుతారు. చూపుతో బరువు అంచనా వేసే అలవాటును ఆ రోజే మాన్పించు.

తర్వాతది స్లింగు కోణం. దీన్ని బోర్డు మీద గీసి చెబితే ఎవరికీ తలకెక్కదు. నేను బకెట్టుతో చెప్పేవాణ్ణి. నిండా నీళ్లున్న బకెట్టు పిడిలోంచి ఒక తాడు దూర్చి, చెరొక కొస ఇద్దరికి ఇచ్చి, మొదట దగ్గరగా నిలబడి ఎత్తమనాలి. సులువుగా లేస్తుంది. ఆ బకెట్టును అలాగే ఉంచి, ఒక్కొక్క అడుగే వెనక్కి జరగమనాలి. తాడు చదునవుతున్నకొద్దీ భుజాలు వణకడం మొదలవుతుంది, బకెట్టులో నీళ్లు మాత్రం ఒక్క చుక్కా పెరగలేదు. అప్పుడు అంకెలు చెప్పు: 4 టన్నుల బరువును హుక్కు నుంచి రెండు కాళ్లుగా చీలే స్లింగుతో ఎత్తినప్పుడు, ఆ కాళ్లు నేలకు 60 డిగ్రీల వాలులో ఉంటే ఒక్కో కాలి మీద 2.3 టన్నులు పడుతుంది, 45 డిగ్రీలయితే 2.8 టన్నులు, 30 డిగ్రీలకు వచ్చేసరికి ఒక్కో కాలే పూర్తి 4 టన్నులూ మోయాలి. చేతులు ఒకసారి వణికినవాడు ఆ లెక్కను మరిచిపోడు.

స్లింగులను పరీక్షించడం మీద నువ్వు ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. వైర్ రోపును, అంటే ఉక్కు తీగల తాడును, కంటితో చూసి సరిపెట్టుకోనివ్వకు. చేతికి మందపాటి తోలు గ్లవుజు తొడిగించి, పాత నూలు గుడ్డను రోపు మీద మెల్లగా లాగించు. తెగిన తీగ ఉన్నచోట గుడ్డ పట్టేస్తుంది. రోపు చుట్టూ ఒక పాయ (తీగల కట్ట) పూర్తిగా ఒక చుట్టు తిరిగే పొడవులో పది తీగలు తెగినా, అందులో ఒకే పాయలో అయిదు తెగినా దాన్ని తీసేయాలన్నది నేను నేర్చుకున్న లెక్క. మడత పడి విరిగిన చోటు, పాయలు విచ్చుకుని పంజరంలా ఉబ్బిన చోటు కనిపిస్తే లెక్కపెట్టడం కూడా అనవసరం. బెల్టు స్లింగులకు రాతి అంచే శత్రువు. అంచు దగ్గర రబ్బరు ముక్క గాని మందమైన గోనె గాని పెట్టకుండా ఎత్తనివ్వకు. బరువు రాసిన లేబులు ఊడిపోయిన బెల్టును వాడనివ్వకు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఖలాసీగా ఉన్న రోజుల్లో ఒక ఫ్యాక్టరీలో ఒక స్లింగు కన్ను (హుక్కుకు తగిలించే చివరి ఉచ్చు) దగ్గర తీగలు తెగి ఉండడం పొద్దున్నే చూశాను. కొత్తది రేపు వస్తుంది, ఈ ఒక్క బ్లాకూ ఎక్కించేద్దాం అన్నారు. నేను నోరు మెదపలేదు. మధ్యాహ్నం బ్లాకు మోకాలెత్తు లేచిందో లేదో ఆ స్లింగు కాలు తెగి, బరువు ఒక పక్కకు ఒరిగి, దాన్ని చేత్తో ఆపుతున్న నా తోటి ఖలాసీ కుడి పాదం మీద పడింది. అతను మళ్లీ యార్డుకు రాలేదు. పొద్దున ఆ స్లింగును పట్టుకున్న చెయ్యి నాదే.

అందుకే బరువును చేత్తో నిలపడం ఎవరికీ నేర్పకు. దూరం నుంచి తిప్పుకోవడానికి తాడు కట్టించు. నేల మీంచి అరచేతి మందం ఎత్తి, ఆగి, హుక్కు బరువుకు నేరుగా పైన ఉందో లేదో, ఎక్కడైనా స్లింగు జారుతోందో చూశాకే పైకి లేపాలి. వేలాడే బరువు కింద నుంచి ఎవరూ, సూపర్‌వైజరు సైతం, నడవకూడదు.

మీ యార్డులో ఒడియా మాట్లాడేవాళ్లూ ఉంటారు కనుక కేకల మీద పని నడపవద్దు. చేతి సైగలే అందరి భాష కావాలి. క్రేను నడిపేవాడు ఒక్క సిగ్నల్‌మ్యాన్ సైగనే పాటించాలి. ఆపు అనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాలి.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ ప్రకారం ప్రతి గొలుసు, రోపు, క్రేను మీద అది మోయగల బరువు స్పష్టంగా రాసి ఉండాలని, 12 నెలలకొకసారైనా అర్హుడైన వ్యక్తి వాటిని పూర్తిగా పరీక్షించాలని, క్రేను నడిచే పట్టాల దగ్గర మనిషి పనిచేస్తుంటే క్రేను 6 మీటర్ల లోపుకు రాకూడదని నేర్చుకుని నేను ఉద్యోగం చేశాను. ఏడాదికొకసారి చేసే ఆ పరీక్ష, పొద్దున్నే గుడ్డతో చేసే పరీక్షకు బదులు కాదని వాళ్లకు చెప్పు.

తీసేసిన స్లింగును మూలన పడేయవద్దు, అవసరం వచ్చినప్పుడు ఎవరో ఒకరు మళ్లీ తీస్తారు. ఆ రోజే కట్టరుతో రెండు ముక్కలు చేయించు. తెగిన తీగలు బాగా కనిపించే మూరెడు ముక్క ఒకటి మాత్రం నీ దగ్గర ఉంచు. వచ్చే నెల టెక్కలి వచ్చినప్పుడు మీ కుర్రాళ్ల మధ్య కూర్చుని, ఆ ముక్క వాళ్ల చేతుల్లో పెట్టి నేనూ ఒక పూట చెబుతాను.

మీ మావయ్య