అలాస్కా కొండల్లో ఒంటరి నడక: ఎలుగుబంట్ల కన్నా వాగులకు భయపడండి

అలాస్కాలోని ర్యాంగెల్–సెయింట్ ఇలయస్ నేషనల్ పార్కులో వారం పాటు ఒంటరిగా నడవవచ్చా, ఎలుగుబంట్ల మాటేమిటి అని అడిగారు. బరువు మోస్తూ రోజుల తరబడి నడవడం, గుడారంలో పడుకోవడం మీకు బాగా అలవాటైతే వెళ్లవచ్చు. నేను అక్కడ ఒంటరిగానే తిరిగాను. ఎలుగుబంట్ల మీద ఉన్న భయంలో సగమైనా వాగుల మీద పెట్టుకోమని నా సలహా.

ఆ పార్కు విస్తీర్ణం దాదాపు 53,000 చదరపు కిలోమీటర్లు, తెలంగాణలో సగానికి కాస్త తక్కువ. కెన్నికాట్ పాత రాగి గని చుట్టుపక్కల వంటి కొద్ది చోట్ల తప్ప కాలిబాటలు లేవు. లోపలికి వెళ్లాక వంతెనలూ ఉండవు. అడ్డొచ్చిన ప్రతి వాగులోకీ దిగాల్సిందే.

వాటిలో చాలావరకు హిమానీనదాలు కరిగి పారే నీళ్లు. వాన చినుకు పడకపోయినా, ఎండ కాస్తే చాలు, పొంగుతాయి. తెల్లవారుజామున మోకాలి లోతున్న పాయ సాయంత్రానికి తొడల దాకా వస్తుంది. జూన్, జూలై నెలల్లో రాత్రి పది దాటినా వెలుతురు ఉంటుంది కాబట్టి, ఇంకా పొద్దుంది కదా అని దిగాలనిపిస్తుంది. దిగకండి. ఒడ్డునే గుడారం వేసుకుని తెల్లవారే దాకా ఆగండి. నేను నీటి అంచున ఒక రాయి పెట్టి, వంట చేసుకుంటూ దాన్నే గమనించేవాణ్ని. రాయి మునిగిందంటే ఆ పూటకు ప్రయాణం ఆపేసినట్టే. రాతిపొడి కలిసిన నీరు బూడిద రంగులో ఉంటుంది, జానెడు లోతు కూడా కనిపించదు. అందుకే చెవులను నమ్ముకోవాలి. అడుగున రాళ్లు దొర్లుతూ ఒకదానికొకటి కొట్టుకునే మొద్దు చప్పుడు వినిపిస్తే అక్కడ దాటవద్దు. ఏరు వెడల్పై, పాయలుగా చీలిన చోటు వెతకండి. సంచి నడుము పట్టీ విప్పుకోండి, పడిపోతే వెంటనే వదిలించుకోవచ్చు. బూట్లు విప్పకండి. కర్ర ఊతంగా, ప్రవాహానికి ఎదురుగా చూస్తూ పక్కకు అడుగులేయండి.

హిమానీనదం మీద నడవాలనుకుంటే, పైన మంచు కరిగి గట్టి ఐసు బయటపడిన చోటు వరకే వెళ్లండి. అక్కడ పగుళ్లు కంటికి కనిపిస్తాయి. మంచు కప్పిన పైభాగంలో అవి కనబడవు, తాడు పట్టి లాగేందుకు మీకు తోడెవరూ లేరు.

ఇక ఎలుగుబంట్లు. ఆహారాన్ని అవి తెరవలేని గట్టి డబ్బాలో పెట్టి, గుడారానికి దూరంగా ఉంచండి. పొదల్లో నడిచేటప్పుడు గట్టిగా మాట్లాడండి. నేను పద్యాలు చదివేవాణ్ని. ఎలుగుబంటి మీదికి వస్తే కొట్టే మిరపకారపు స్ప్రే సంచిలో కాదు, చేతికందేలా నడుముకు ఉండాలి.

రాత్రి బసకు అక్కడ అనుమతి పత్రం అక్కర్లేదు. కాబట్టి మీరు తిరిగి రాకపోయినా ఎవరికీ తెలియదు. దారి, తిరిగొచ్చే తేదీ ఇంట్లోవాళ్లకు రాసివ్వండి. ఫోను పనిచేయదు, శాటిలైట్ ద్వారా సందేశం పంపే పరికరం తప్పనిసరి. చిన్న విమానంలో దిగేటట్టయితే రెండు మూడు రోజుల తిండి అదనంగా పెట్టుకోండి. వాతావరణం తేటపడే దాకా పైలట్ రాలేరు.