ఊరి గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు ఎలా సర్దాలి?

చీపురుపల్లి దగ్గర మీ ఊరి కుర్రాళ్లంతా కలిసి గ్రంథాలయం పెడుతున్నారనీ, ఎనిమిది వందల దాకా పుస్తకాలు పోగయ్యాయనీ రాశారు. విషయాన్ని బట్టి పుస్తకాలకు అంకెలు వేసే డ్యూయీ పద్ధతి పెట్టాలా అని అడిగారు. పెట్టండి, కానీ ఉన్నదున్నట్టు మాత్రం వద్దు. విజయనగరం పక్కన ఒక ఊరి గ్రంథాలయంలో బీరువాలు సర్దే పని కొన్నేళ్లుగా చూస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా.

మెల్విల్ డ్యూయీ 1876లో తెచ్చిన పద్ధతి అది. 300 సామాజిక శాస్త్రాలు, 500 విజ్ఞాన శాస్త్రాలు, 600లో వైద్యం, వ్యవసాయం, 900 చరిత్ర, భూగోళం. వీటికి మూడంకెలు రాస్తే మీకు చాలు. చిక్కంతా సాహిత్యం దగ్గరే. ఇంగ్లీషు సాహిత్యానికి 820 అని ఒక వరసంతా ఇచ్చి, తెలుగును 894.827లో ఇరికించారు. మన బీరువాల్లో సగానికి పైగా కథలూ నవలలే కదా, అన్నిటి మీదా 894 అని వేస్తే వెతికేవాడికి ఏం దారి దొరుకుతుంది?

అందుకని సాహిత్యానికి అంకెలు మానేసి కవిత్వం, నాటకం, కథ, నవల అని విడదీయండి. లోపల రచయిత పేరును బట్టి అకారాది వరస. గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1933లో తెచ్చిన కోలన్ వర్గీకరణ అనే పద్ధతిలో కూడా సాహిత్యానికి ముందు భాష, తర్వాత ప్రక్రియ, ఆ తర్వాత రచయిత. మన అవసరానికి అది బాగా అతుకుతుంది.

ఇక పేర్లు. ఇంటిపేరుతో పెట్టాలా, జనం పిలిచే పేరుతోనా? మా దగ్గరికి వచ్చే ఒక పెద్దాయన గుమ్మంలోంచే "బాబూ, చాసో కతలు ఎక్కడెట్టినార్రా?" అంటారు. చాగంటి సోమయాజులు అన్న పూర్తి పేరుతో ఏనాడూ అడగలేదు. ఇంటిపేరైనా, కలం పేరైనా చాసో 'చా'లోనే దొరుకుతారు, సరే. రావిశాస్త్రీ అంతే, ఇంటిపేరు రాచకొండ కాబట్టి ఎలాగైనా 'రా'లోనే. ఆరుద్ర సంగతలా కాదు. ఇంటిపేరు భాగవతుల, జనం నోట ఆరుద్ర. నా మాట వింటే జనం నోట ఉన్న పేరే పెట్టండి, రిజిస్టరులో మాత్రం రెండు పేర్లూ రాయండి. సగం ఇలా, సగం అలా పెడితే పుస్తకం ఉండీ లేనట్టే.

పుస్తకం వెన్ను మీద తెల్ల చీటీ, రావిశాస్త్రి కథలైతే పైన "కథ", కింద "రా". దాని మీద ట్రాన్స్‌పరెంట్ టేపు వేయండి, లేకపోతే వానాకాలం చెమ్మకి ఊడొస్తుంది.

గ్రూప్స్, డీఎస్సీ పుస్తకాలకు వర్గీకరణ వద్దు, ఏటా మారిపోతాయి. గుమ్మం దగ్గర విడిగా ఒక అర ఇవ్వండి. చదివిన పుస్తకాన్ని పాఠకులు తిరిగి బీరువాలో పెట్టకుండా బల్ల మీదే వదిలేయమనండి, సాయంత్రం మీలో ఒకరు సర్దుకోవచ్చు.