బల్ల మీద బిట్రగుంట: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: నెల్లూరులో తొమ్మిది మందిమి కలిసి నమూనా రైళ్ల సంఘం పెట్టుకున్నాము. ఆవిరి ఇంజన్ల కాలపు బిట్రగుంట షెడ్డును, యార్డును 1:87 కొలతలో కట్టాలని కొందరు, పెన్నా మీది రైలు వంతెన కట్టాలని మరికొందరు పట్టుబడుతున్నారు. మా గది పొడవు 6 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు. మన బ్రాడ్‌గేజికి సరిపోయే పట్టాలు బజారులో దొరకడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

సమాధానం: ముందు గేజి సంగతి తేల్చుకుందాం. మన బ్రాడ్‌గేజి వెడల్పు, అంటే రెండు పట్టాల నడుమ దూరం, 1676 మిల్లీమీటర్లు కనుక, 87తో భాగిస్తే 19.26 మిల్లీమీటర్లు రావాలి. బజారులో దొరికే హెచ్‌ఓ (1:87 కొలతకు వాడుక పేరు) పట్టాలు 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి నమూనాలు కాబట్టి వాటి వెడల్పు 16.5 మిల్లీమీటర్లే. అసలైన వెడల్పే కావాలంటే పట్టాలను చేత్తో పరుచుకోవడంతో సరిపోదు. సభ్యులందరి ఇంజన్లకూ పెట్టెలకూ ఇరుసులు మార్చవలసి వస్తుంది. తొమ్మిది మంది బండ్లు ఒకే దారిలో తిరగవలసిన చోట నేను 16.5కే ఓటు వేస్తాను. రైలును పక్కనుంచి చూసేటప్పుడు ఆ రెండున్నర మిల్లీమీటర్ల పైచిలుకు తేడా కనబడదు, ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి బల్లను ఛాతీ ఎత్తున నిలబెట్టండి. మీలో ఎవరికైనా నిజమైన గేజి మీద మమకారం ఉంటే, బండ్లు తిరగని షెడ్డు మూలలో ఒక అడుగు దారిని 19.26తో పరచి, ఒక ఇంజన్‌ను దాని మీద శాశ్వతంగా నిలపవచ్చు. అది చేయదగిన పనే.

ఇక యార్డు. ఒక కిలోమీటరు యార్డును 1:87లో కడితే పదకొండున్నర మీటర్లవుతుంది. మీ గదికి దాదాపు రెండింతలు. యార్డు మొత్తాన్ని కుదించి ఇరికించడం కన్నా, బొగ్గు వేసే చోటు, నీళ్ల గొట్టం, ఇంజన్‌ను వెనక్కి తిప్పే టర్న్‌టేబుల్ ఉన్న ఒక్క మూలను పూర్తి కొలతతో కట్టడం మేలని నా అభిప్రాయం. 70 అడుగుల టర్న్‌టేబుల్ కూడా ఈ కొలతలో 25 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. వంతెన కోరేవారినీ నిరాశపరచనక్కరలేదు: 30.5 మీటర్ల గర్డరు 35 సెంటీమీటర్లవుతుంది గనుక, ఒకే బల్ల మీద మూడు గర్డర్లు పెట్టి, కింద ఇసుక తిన్నెల మధ్య సన్నని నీటి పాయ చూపితే వేసవి పెన్న కళ్లకు కడుతుంది. కొలతల కోసం పట్టాల మీదికి మాత్రం వెళ్లకండి. అనుమతి లేకుండా వెళ్లడం 1989 రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం. ఒడ్డు నుంచి తీసిన ఫొటోలు చాలు.

సంఘంగా కట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది బల్లల అంచుల సంగతి. ఒక్కొక్కరు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల బల్లను ఇంట్లోనే కట్టుకోవచ్చు. అయితే పట్టాలు ముందంచుకు ఎంత దూరంలో బయటికి రావాలో, నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో, బోల్టుల రంధ్రాలు ఎక్కడ పడాలో మొదటి సమావేశంలోనే నిర్ణయించి, ఆ కొలతలతో ఒక ప్లైవుడ్ అచ్చు కోసి, అందరూ ఆ ఒక్క అచ్చుతోనే రంధ్రాలు వేయాలి. టేపుతో ఎవరికి వారు కొలుచుకుంటే మిల్లీమీటరు తేడా రాక తప్పదు, ఆ మిల్లీమీటరు దగ్గరే పెట్టె పట్టా తప్పుతుంది. అంచు దగ్గర కనీసం 10 సెంటీమీటర్ల దారి తిన్నగా ఉండాలి. ఈ కట్టుబాట్లు పాటించాక, బల్ల లోపల బిట్రగుంట కడతారో, రొయ్యల చెరువుల గట్టు కడతారో ఎవరి ఇష్టం వారిది.

మలుపు విషయంలో పిసినారితనం వద్దు. ఇప్పటి ఎక్స్‌ప్రెస్ బండ్లకు తగిలించే పొడవాటి ఎల్‌హెచ్‌బీ పెట్టె ఈ కొలతలో 27 సెంటీమీటర్లు. మలుపు వ్యాసార్ధం దానికి మూడింతలు, అంటే 81 సెంటీమీటర్లు ఉంటే బండి సాఫీగా తిరుగుతుంది, చూపుకూ బాగుంటుంది. మీ గది వెడల్పులో అది హాయిగా పడుతుంది.

ప్రశ్న: పట్టాల కింద పరచడానికి చీమకుర్తి గ్రానైటు పొడి వాడవచ్చా? కొండ కోతలకు ఏ రాయి బాగుంటుంది?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

సమాధానం: చీమకుర్తి రాయిలోని మెరుపు చుక్కలే దానికి పేరు తెచ్చాయి గానీ, నమూనాలో అవే అడ్డు. ఆ మెరుపులు 87 రెట్లు పెద్దవై, కంకరలో అద్దం ముక్కలు పోసినట్లు కనబడతాయి. రోడ్లకు వాడే మామూలు బూడిదరంగు కంకర క్రషరు పొడి తెచ్చుకోండి. రైల్వే కంకర ముక్క 65 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కనుక మీకు కావలసింది ముప్పాతిక మిల్లీమీటరు రేణువు. పొడిని కడిగి, ఎండబెట్టి, రెండు జల్లెళ్లు పట్టి, ముతకనూ మెత్తటి దుమ్మునూ వేరు చేయండి. ఆ తరువాత అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి పొడిలో తప్పకుండా తిప్పండి. ఇనుప రేణువులు మిగిలితే ఇంజన్ మోటారు వాటిని లాక్కుని పాడవుతుంది. పరచిన కంకర మీద గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క కలిపిన నీటిని చిలకరించి, సగానికి సగం నీళ్లు కలిపిన ఫెవికాల్‌ను డ్రాపరుతో వదిలితే రేణువులు కదలకుండా అతుక్కుంటాయి.

కొండ కోతలకు మార్కాపురం పలక రాయి ముక్కలను మించినవి మీ దగ్గరలో లేవు. పొరలుగా చీలే గుణం ఉంది గనుక చిన్న ముక్క కూడా పెద్ద బండలా కనబడుతుంది. పొరలన్నీ ఒకే వాలుకు ఉండేలా అమర్చండి. తలో దిక్కుకు తిరిగితే రాళ్ల గుట్టే తప్ప కొండ కాదు.

ప్రశ్న: మా బండి ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. వానల నెలల్లో పూర్తిగా ఆగిపోతుంది. ఇంజన్ మార్చాలా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ఇంజన్ జోలికి పోకండి. పట్టాలను కలిపే రేకు జాయింట్ల గుండా 12 వోల్టుల కరెంటు దూరం పోయేకొద్దీ తగ్గుతుంది. బల్ల కింద రెండు లావు రాగి తీగలు లాగి, మీటరు, మీటరున్నరకు ఒకచోట పట్టాలకు సన్నని తీగను టంకం పెట్టి కలపండి. సముద్రపు గాలికి పట్టాల మీద పట్టే పొరను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితంతో రుద్దితే గీతల్లో మురికి మరింత చేరుతుంది.

వానల్లో ఆగడానికి బల్ల చెక్క కూడా కారణం కావచ్చు. నేను మొదట కట్టిన బల్లకు పైన మాత్రమే రంగు వేశాను; ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యేసరికి ప్లైవుడ్ కింది నుంచి తేమ పీల్చి విల్లులా వంగి, జాయింట్లన్నీ విడిపోయాయి. కింది వైపుకూ కోసిన అంచులకూ రంగు వేయండి, ఆ పని ఎండలున్న రోజుల్లోనే పూర్తి చేయండి.