ఎన్నికల మీద తొలి పుస్తకం రాస్తున్న కొత్త అధ్యాపకుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

పీహెచ్‌డీ పూర్తయింది, రాజనీతి శాస్త్రంలో ఉద్యోగమూ వచ్చింది, ఇక సిద్ధాంత వ్యాసాన్ని పుస్తకంగా తెస్తానని రాశావు. చాలా సంతోషం. తొందర మాత్రం పడకు. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో, పదోన్నతికి లెక్కేసే పాయింట్లలో జాతీయ స్థాయి ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10 పాయింట్లు. సామాజిక శాస్త్రాల్లో ఒక్క పరిశోధన పత్రానికీ అవే 10. పదోన్నతి కోసమైతే పత్రాలు రాసుకో, పుస్తకాన్ని ఆ లెక్కల్లోకి లాగకు. డబ్బు కట్టించుకుని, ఎవరూ చదవకుండానే ఐఎస్‌బీఎన్ (పుస్తకాన్ని గుర్తించే నంబరు) వేసి అచ్చు తీసి ఇచ్చేవాళ్ల జోలికి అసలే పోవద్దు.

నీ వ్యాసం శోధ్‌గంగలో, అంటే దేశంలోని పీహెచ్‌డీ వ్యాసాలను ఉంచే వెబ్‌సైట్‌లో ఉంటుంది, కావలసినవాళ్లు ఉచితంగా దించుకుంటారు. పుస్తకంలో అంతకు మించి ఏదో ఉండాలి. పూర్వ పరిశోధనల సమీక్ష, పరిశోధన పద్ధతి, జిల్లా పరిచయం అధ్యాయాలు తీసెయ్యి. అవి పరీక్షకుల కోసం రాసినవి. సమీక్షలో నీ వాదనకు అడ్డొచ్చేవాళ్లను మాత్రం ఉంచుకుని, సందర్భం వచ్చిన చోటే వాళ్లకు జవాబు చెప్పు.

ఇప్పుడు అసలు పని. నీ వాదన అంతా నియోజకవర్గ స్థాయి ఓట్ల మీద నిలబెట్టావు. అది చాలదు, బూత్ దాకా దిగాలి. అందుకు ఫారం 20 ఉంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లు, నోటాకు ఎన్ని అన్నది అందులో వరుసగా ఉంటుంది. ప్రధాన ఎన్నికల అధికారి వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా దొరుకుతుంది. చాలాసార్లు స్కాన్ చేసిన కాగితమే కనక అంకెలు చేత్తో ఎక్కించుకోక తప్పదు. ఎక్కించాక ప్రతి వరుస మొత్తాన్నీ అందులో ఉన్న మొత్తంతో సరిచూడు. పోస్టల్ బ్యాలెట్లు బూత్‌ల వారీగా ఉండవు, చివర్లో ఒకే వరుసలో కలుపుతారు. బూత్‌ల కూడిక అభ్యర్థి తుది ఓట్లకు తక్కువ రావడానికి కారణం అదే. కొత్తవాళ్లు దాన్ని తప్పనుకుని అంకెలు దిద్దేస్తుంటారు.

రెండు ఎన్నికలను పోల్చేటప్పుడు బూత్ నంబర్లను నమ్మకు. ఓటర్లు 1500 దాటితే కేంద్రాన్ని విడగొట్టేవారు, ఆ హద్దును 2025లో 1200కు దించారు. ఒక్క కేంద్రం చీలితే ఆ తర్వాతి నంబర్లన్నీ జరుగుతాయి. పోలింగ్ కేంద్రాల జాబితాలో ఊరి పేరు, బడి పేరు, ఏయే వీధులు దాని కిందికొస్తాయో ఉంటాయి. వాటిని బట్టి పాత బూత్‌కు కొత్త బూత్‌ను జత చెయ్యి. జత కుదరని చోట ఊరంతా కలిపి ఒక్క లెక్కగా తీసుకో.

నియోజకవర్గం పేరు మారనంత మాత్రాన నేల మారలేదనుకోకు. నియోజకవర్గాల హద్దులు మార్చిన పునర్విభజన తర్వాత మన దగ్గర జరిగిన మొదటి ఎన్నిక 2009ది, కాబట్టి 2004తో నేరుగా పోల్చకూడదు. భద్రాచలమే చూడు. 2014లో అక్కడ సీపీఎం గెలిచింది, 2018లో కాంగ్రెస్. ఈ మధ్యలో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి, 2019లో రంపచోడవరం నియోజకవర్గంలో ఓటేశాయి. ఈ ఫలితంలో ఓటర్ల మనసు మారినందువల్ల వచ్చింది ఎంత, ఓటర్లే మారినందువల్ల వచ్చింది ఎంత? బూత్ లెక్క తీయందే చెప్పలేవు. లెక్క తీయకుండా ‘వామపక్ష ఓటు కరిగిపోయింది’ అని రాసేస్తే, ఆ మన్యంలో ఓటేసిన మనుషులకు అన్యాయం చేసినట్టే.

సీట్ల విషయంలోనూ అంతే జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్‌సీపీకీ సుమారు 39 శాతమే, వచ్చినవి 11 సీట్లు. ‘తుడిచిపెట్టుకుపోయింది’ అన్న మాట పత్రిక శీర్షికకు సరిపోతుందేమో, నీ అధ్యాయానికి పనికిరాదు. ప్రతి పదిమందిలో నలుగురు ఓటేసిన పార్టీ అంత తక్కువ సీట్లకు ఎలా పడిపోయిందో, ఎదుటి ఓటు ఎక్కడెక్కడ ఒక్కటైందో చూపించు.

ఫారం 20లో కులం ఉండదు. ఎస్సీ పేట ఉన్న బూత్‌లో ఒక పార్టీకి 70 శాతం వచ్చిందంటే పేటలో 70 శాతం అటే వేశారని కాదు. అదే బూత్‌లో పక్క వీధులూ ఉంటాయి. అది తేలాలంటే ఊరికి వెళ్లి అడగాల్సిందే. మహిళా సర్పంచ్‌ను ఇంటి దగ్గర కలిస్తే తరచూ భర్తే జవాబు చెబుతాడు, అందుకని డ్వాక్రా సమావేశం రోజున వెళ్లు. పేరు మార్చి రాసినా ఊరు, పదవి, ఏడాది మూడూ ఇస్తే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఊరి పేరు తీసేసి మండలం దగ్గరే ఆగు.

బూత్‌ల జత పట్టిక మొత్తాన్ని పుస్తకం చివర అనుబంధంగా వెయ్యి. పేజీలు పెరుగుతాయని ప్రచురణకర్త గొణిగితే లోపలి పట్టికలు తగ్గించుకో గానీ దీన్ని వదులుకోకు. రేపు ఇంకొకరు నీ లెక్కను సరిచూడాలన్నా, నీతో విభేదించాలన్నా అదే ఆధారం. ముందు ఒక్క మండలానికి చేసి పంపు, చూసి చెబుతాను.